మీరడిగారు: ఉరి కాదండీ, పక్షి!

క్రితం సంచికలో ఏదో మాటవరసకి 1939 నాటి హాలీవుడ్ సినిమా 'ద విజార్డ్ ఆఫ్ ఓజ్' గురించి రెండు ముక్కలు రాశాను, అంతే, ఇక ఈసారి ఉత్తరాలన్నీ దాని మీదే. చూడనివాళ్ల కోసం కథ ఒక్క ముక్కలో చెప్పేస్తా. అమెరికాలో కాన్సస్‌లో ఉండే డొరొతీ అనే పిల్లని సుడిగాలి ఇంటితో సహా ఎత్తుకెళ్లి ఓజ్ అనే లోకంలో పడేస్తుంది, అక్కడ ఒక గడ్డి దిష్టిబొమ్మ, ఒక రేకు మనిషి, ఒక పిరికి సింహం తోడవుతారు, వెనకాల ఆకుపచ్చ మొహం మంత్రగత్తె తరుముతుంటే అందరూ కలిసి మాంత్రికుణ్ణి వెతుక్కుంటూ పోతారు. తీసింది ఎంజీఎం స్టూడియో. ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: సార్, ఆ సినిమాలో అడవి సీన్‌లో వెనకాల చెట్టుకి ఒక పొట్టి నటుడు నిజంగానే ఉరేసుకున్నాడనీ, అది కెమెరాలో పడిపోయిందనీ అంటారు. నేను కూడా వీడియో ఆపి ఆపి చూశాను, ఏదో ఊగుతోంది. నిజమేనా?

జవాబు: వచ్చిన ఉత్తరాల్లో సగం ఇదే అడిగాయి, అందుకే ముందు దీన్నే వదిలించుకుందాం. ఊగుతోంది, కాదనట్లేదు, కానీ అది మనిషి కాదు, పెద్ద పక్షి. సెట్టు అడవిలా కనబడాలని లాస్ ఏంజెలెస్ జూ నుంచి కొన్ని పెద్ద పక్షుల్ని తెచ్చి సెట్టులో వదిలేశారు, డొరొతీ వాళ్లు పాడుకుంటూ వెనక్కి తిరిగి నడిచిపోతుంటే వాటిల్లో ఒకటి అటు చివర రెక్కలు విప్పి సర్దుకుంది, అంతకుమించి ఏమీ లేదు. పాత వీడియో టేపుల్లో బొమ్మ మసకగా ఉండేది కాబట్టి ఎవరికి ఏది కావాలంటే అది కనబడేది, తర్వాత శుభ్రం చేసిన ప్రింటులో చూడండి, రెక్కలు రెక్కల్లాగే ఉంటాయి.

ఇంకోటి కూడా ఉంది, ఈ పుకారు పుట్టించినవాళ్లు ఎందుకు ఆలోచించలేదో గానీ, ఆ సీను తీసేనాటికి మంచ్‌కిన్‌లుగా, అంటే ఓజ్‌లో ఉండే పొట్టి జనంగా వేసిన ఆ నటులెవరూ ఇంకా సెట్టులోకే రాలేదు. ఉరేసుకోడానికైనా మనిషంటూ ఉండాలిగా!

నన్నడిగితే ఈ లేని చావు గురించి ఇంతమంది అడుగుతారు గానీ, అదే సెట్టులో ఉన్న దెబ్బలు ఎవరూ అడగరే అని నా బాధ. అదృష్టం, కింద ఇద్దరు ముగ్గురు అడిగారు.

ప్రశ్న: టిన్ మ్యాన్ వేషం ముందు వేరే నటుడికి ఇచ్చారట, మేకప్ పడక ఆయన చావు దాకా వెళ్లొచ్చాడట. ఇదీ పుకారేనా?

జవాబు: కాదండీ, ఇది పచ్చి నిజం. ఆయన పేరు బడ్డీ ఎబ్సెన్. అసలు ఆయనకి మొదట ఇచ్చింది దిష్టిబొమ్మ వేషం, రే బోల్జర్‌కి ఇచ్చింది రేకు మనిషి. బోల్జర్ డాన్సర్, ఒళ్లు రబ్బరులా వంచగలడు, నాకు రేకు డబ్బా వద్దు ఆ గడ్డి బొమ్మే కావాలి అని పట్టుబట్టాడు, ఎబ్సెన్ మంచివాడు పాపం, సరే తీసుకో అన్నాడు. ఆ ఒక్క 'సరే' ఎంత పని చేసిందో చూడండి.

రేకు మెరుపు రావాలని మొహానికి తెల్ల రంగు పూసి దాని మీద అల్యూమినియం పొడి చల్లేవారు. ప్రతిరోజూ. పొడి కదా, పూసినప్పుడే ఊపిరితో పాటు లోపలికి పోతుంది. 1938 అక్టోబరులో షూటింగ్ మొదలైంది, ఇంకా రెండు వారాలు కూడా కాకుండానే ఒక రాత్రి ఇంట్లో ఆయనకి చేతులు కొంకర్లు పోయి, ఊపిరి అందక, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది, ఆక్సిజన్ పెట్టి బతికించారు. స్టూడియో వాళ్లు మొదట నమ్మలేదనీ, పనిలోకి ఎప్పుడొస్తావని అడిగారనీ ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

ఆయన బదులు జాక్ హేలీని తెచ్చారు. ఈసారి పొడి కాకుండా అదే అల్యూమినియాన్ని పేస్టులా కలిపి పూశారు, అంటే తప్పు ఎక్కడ జరిగిందో వాళ్లకి తెలుసన్నమాట, కానీ ముందు చేసినాయన ఎందుకు మానేశాడో హేలీకి మాత్రం చెప్పలేదు! ఆయనకీ కంట్లో ఇన్ఫెక్షన్ వచ్చి కొన్నాళ్లు షూటింగ్ మానాల్సొచ్చింది. పైగా ఆ డబ్బా వేసుకుంటే కూర్చోడానికి ఉండదు, షాట్‌కి షాట్‌కి మధ్య ఒక వాలు బల్లకి ఆనుకుని నిలబడేవాడు. సింహం వేసిన బర్ట్ లార్ సంగతి ఇంకా దారుణం, అసలైన సింహం తోళ్లతో కుట్టిన డ్రెస్సు, కిలోలకొద్దీ బరువు, మూతికి అంటించిన మేకప్ ఊడిపోతుందని మధ్యాహ్నం పూట స్ట్రాతో సూప్ తాగడమే. ఆయన చెమటకి తడిసిన ఆ డ్రెస్సుని రాత్రిపూట ఆరబెట్టేవారు.

ప్రశ్న: మంత్రగత్తె మాయమయ్యే సీన్‌లో నటికి నిజంగా మంట అంటుకుందా? ఆ సీను సినిమాలో ఉంచారా?

జవాబు: అంటుకుంది. కానీ మీరు తెర మీద చూసేది ఆ టేకు కాదు.

మార్గరెట్ హామిల్టన్ గారు నేలలో ఉన్న తలుపు మీద నిలబడాలి, ఎర్రటి పొగ లేవాలి, ఆ పొగ చాటున కింద లిఫ్టు ఆవిణ్ణి దించేయాలి, ఆ తర్వాతే మంట భగ్గుమనాలి. మొదటి టేకు బాగానే వచ్చింది, జాగ్రత్తగా చూస్తే పొగ కాస్త తొందరపడి ముందే లేచినట్టు తెలుస్తుంది, సినిమాలో ఉన్నది అదే. అక్కడితో ఆపేస్తే ఏ గొడవా లేదు, కానీ ఇంకోటి తీద్దాం అన్నారు. 1938 డిసెంబరు 23, పండక్కి రెండు రోజుల ముందు. ఈసారి ఆవిడ పూర్తిగా కిందికి దిగకముందే మంట లేచింది, టోపీ, చీపురు అంటుకున్నాయి, మొహం, చెయ్యి కాలాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఆకుపచ్చ రంగులో రాగి కలిసి ఉంది, కాలిన చర్మం మీద దాన్ని వదిలేస్తే విషం, అందుకని అప్పటికప్పుడు తుడిచెయ్యాలి, దాన్ని తుడిచేది స్పిరిట్‌తో. కాలిన మొహం మీద స్పిరిట్! రాస్తుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తోంది. ఆరు వారాలు ఇంట్లో ఉండి తిరిగొచ్చారు, ఒక్కటే షరతు పెట్టారు, ఇక నిప్పుతో పని చెయ్యను అని. మరి కేసెందుకు వెయ్యలేదని తర్వాత ఎవరో అడిగితే, మళ్లీ పని కావాలిగా అన్నారట.

ఆవిడ ఒప్పుకోకపోతే షాటు ఆగుతుందా, పొగ వదిలే చీపురు మీద కూర్చోడానికి డూప్ బెటీ డాంకోని పిలిచారు. ఆ చీపురులోని పైపు పేలింది. కాలికి దెబ్బ తగిలి ఆవిడా ఆసుపత్రికే.

సినిమాకి ముందు హామిల్టన్ గారు చిన్నపిల్లలకి పాఠాలు చెప్పే టీచరు అంటే నమ్ముతారా. ఆ వేషం చూసి పిల్లలు దడుచుకుంటున్నారని ఆవిడకి చాలా కష్టంగా ఉండేది, 1975లో అమెరికాలో మిస్టర్ రోజర్స్ అని ఒకాయన చేసే పిల్లల టీవీ కార్యక్రమానికి వెళ్లి, ఆ డ్రెస్సు, టోపీ ఒక్కొక్కటే వేసుకుని చూపించి, ఇదంతా ఉత్త వేషమేనర్రా అని చెప్పొచ్చారు. చివర్లో ఆవిడ కరిగిపోయే సీను మాత్రం ఎవరికీ ఏ దెబ్బా తగలకుండా అయింది, డ్రెస్సు అంచుల్ని నేలకి బిగించి, ఆవిడ నిలబడ్డ చెక్కని మెల్లగా కిందికి దించారు, లోపల డ్రై ఐస్ పెడితే ఆ పొగే బయటికొచ్చింది, అంతే.

ప్రశ్న: కంప్యూటర్లు లేని రోజుల్లో ఆ సుడిగాలి ఎలా తీశారండీ? ఇప్పుడు చూసినా నిజందే అనిపిస్తుంది.

జవాబు: వచ్చిన ప్రశ్నలన్నిట్లో నాకు బాగా నచ్చింది ఇదే, అందుకని కాస్త ఎక్కువ రాస్తా, ఎడిటరు గారు తిట్టుకున్నా సరే.

ఎంజీఎంలో స్పెషల్ ఎఫెక్ట్స్ చూసేది ఆర్నాల్డ్ గిలెస్పీ. మొదట రబ్బరుతో శంఖు ఆకారంలో చేయించాడు, వేల డాలర్లు పోశారు, అది కదలదు మెదలదు, దెయ్యంలా నిలబడింది. అప్పుడు ఆయనకి విమానాశ్రయాల్లో గాలి ఎటు వీస్తుందో చూపించడానికి కట్టే గుడ్డ గొట్టం గుర్తొచ్చింది, దాన్ని నిలువుగా తిప్పితే? మస్లిన్ గుడ్డతో 35 అడుగుల గొట్టం కుట్టించాడు. పై కొసని స్టేజీ కప్పుకి వేలాడే క్రేనుకి తగిలించాడు, కింది కొస నేలలో కోసిన ఒక వంకర గాడిలో నడిచే బండికి. పైన గుండ్రంగా తిరుగుతుంటుంది, క్రేను ఒక వైపు పోతే కింద బండి ఇంకో వైపు పోతుంది, దాంతో ఆ గుడ్డ పాములా మెలికలు తిరిగింది.

అయితే గుడ్డ గుడ్డలా కనబడకూడదుగా. అందుకని కింద నుంచి ముల్తానీ మట్టి లాంటి సన్నటి పొడిని గాలితో లోపలికి కొట్టారు. నేల దగ్గర దుమ్ము రేగినట్టూ అయింది, పైపెచ్చు ఆ పొడి గుడ్డ నేతలోంచి బయటికొచ్చి అంచులు మసకబారి గుడ్డ ఆనవాలు పోయింది, ఒకే దెబ్బకి రెండు పిట్టలు అంటే ఇదే. కెమెరా ముందు రెండు గాజు పలకలు పెట్టి వాటికి బూడిద రంగు దూది అంటించారు, అవి అటూ ఇటూ జరుగుతుంటే మబ్బులు. పైన ఉన్న క్రేనూ గీనూ కూడా ఆ దూది చాటునే దాక్కుంది. ఇలా తీసిన బొమ్మని వెనక తెర మీద వేసి, ముందు డొరొతీ వేషం వేసిన జూడీ గార్లండ్‌ని నిలబెట్టి పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టారు, ఆకులూ దుమ్మూ మొహాన కొట్టారు.

ఇల్లు ఆకాశంలోంచి కింద పడే షాటు ఇంకా సరదా. చిన్న బొమ్మ ఇంటిని, ఆకాశంలా రంగు వేసిన నేల మీదికి పైనుంచి జారవిడిచి తీశారు. తర్వాత ఆ ఫిల్ముని వెనక నుంచి ముందుకి తిప్పారు. మబ్బుల్లో చుక్కలా ఉన్న ఇల్లు పెద్దదవుతూ మన మీదికి వచ్చి పడుతున్నట్టు ఉంటుంది. కోట్లు పోసి కంప్యూటర్లలో చేసే తుఫాన్లు చాలా చూశాను గానీ ఆ గుడ్డ గొట్టాన్ని చూసినప్పుడు పుట్టే భయం వాటికి పుట్టదు, ఇది నా చాదస్తమే అనుకోండి.

ప్రశ్న: డొరొతీ తలుపు తియ్యగానే సినిమా రంగుల్లోకి మారుతుంది, ఒకే షాటులో! ఎలాగండీ?

జవాబు: తలుపు ఇవతల ఉన్న ఇల్లంతా నిజంగానే గోధుమ రంగు వేసేశారు. అంటే అది బ్లాక్ అండ్ వైట్ షాటు కానే కాదు, రంగుల కెమెరాతోనే తీసిన రంగు లేని గది! తలుపు తీసే అమ్మాయి కూడా జూడీ కాదు, అదే గోధుమ రంగు డ్రెస్సు వేసిన డూప్. ఆమె తలుపు తీసి పక్కకి తప్పుకుంటుంది, కెమెరా ముందుకి వెళ్తుంది, నీలం గళ్ల డ్రెస్సులో అసలు జూడీ నడుచుకుంటూ వస్తుంది. ఇన్నిసార్లు చూశాను, తెలిసి కూడా పట్టుకోలేకపోతాను.

ఆ రోజుల్లో టెక్నికలర్ కెమెరా అంటే ఒక బీరువా, లోపల ఒకేసారి మూడు ఫిల్ములు తిరుగుతాయి, వచ్చిన వెలుగుని విడగొట్టి ఒక్కో ఫిల్ము మీద ఒక్కో రంగు పట్టేవారు. వెలుగు మూడు ముక్కలైతే మిగిలేదెంత, అందుకని లైట్లు కుమ్మరించేవారు, స్టేజీ మీద వేడి 38 డిగ్రీలు దాటేది. పైన చెప్పిన సింహం తోలు డ్రెస్సు ఈ వేడిలో!

డొరొతీ ఎర్ర బూట్లు కూడా ఈ రంగు పిచ్చి వల్లే. 1900లో ఎల్. ఫ్రాంక్ బామ్ రాసిన పుస్తకంలో అవి వెండి బూట్లు. ఇంత ఖర్చు పెట్టి రంగుల్లో తీస్తూ వెండేంటి అని స్క్రిప్టు రాసిన నోయెల్ లాంగ్లీ కెంపులుగా మార్చాడు.

ప్రశ్న: కుక్కకి మనుషుల కంటే ఎక్కువ జీతం ఇచ్చారా?

జవాబు: ఇచ్చారు. డొరొతీ పెంపుడు కుక్క టోటోగా చేసిన కుక్క పేరు టెర్రీ, ఆడకుక్క, వారానికి 125 డాలర్లు. మంచ్‌కిన్‌లుగా చేసిన పొట్టి నటులు సుమారు 120 మంది, వాళ్లకి వారానికి 50 డాలర్లు వచ్చేవని వాళ్లలో కొందరు చెప్పుకున్నారు. వాళ్లు తాగి గొడవలు చేశారని నవ్వుకుంటూ చెప్పే కథలు చాలా ఉన్నాయి, నాకు ఆ కథల మీద మోజు లేదు. టెర్రీ పాదం మీద సైనికుడి వేషంలో ఉన్న ఒకాయన కాలు పడి అదీ కొన్నాళ్లు సెలవు పెట్టింది. ఈ సెట్టులో కుక్కని కూడా వదల్లేదు.

ప్రశ్న: డైరెక్టర్ విక్టర్ ఫ్లెమింగ్ అని పేరు పడింది కదా, నలుగురు తీశారంటారేంటి?

జవాబు: మొదలుపెట్టింది రిచర్డ్ థోర్ప్. జూడీకి పసుపు రంగు విగ్గు, బొమ్మకి పూసినట్టు మేకప్ పెట్టించాడు, రెండు వారాలు తీసిన ఫిల్ము వేసుకుని చూసి నిర్మాత మెర్విన్ లెరాయ్ ఆయన్ని పంపించేశాడు. మధ్యలో జార్జ్ క్యూకర్ కొన్ని రోజులు వచ్చాడు, ఒక్క షాటు కూడా తియ్యలేదు, కానీ ఆ విగ్గు పీకేసి, మేకప్ కడిగేసి, నువ్వు కాన్సస్ పిల్లవమ్మా, మామూలుగా ఉండు అని జూడీకి చెప్పి వెళ్లాడు. ఒక్క షాటు తియ్యకుండా సినిమాని నిలబెట్టినవాణ్ణి ఇతన్నే చూశాను. తర్వాత ఫ్లెమింగ్ వచ్చి చాలావరకు తీశాడు, 1939 ఫిబ్రవరిలో 'గాన్ విత్ ద విండ్' కోసం ఆయన్ని అటు లాక్కెళ్లారు, అక్కడ ఆయన ఎవరి బదులు వెళ్లాడో తెలుసా, ఆ క్యూకర్ బదులే!

మిగిలిన కాన్సస్ సీన్లు కింగ్ విడార్ తీశాడు. 'ఓవర్ ద రెయిన్‌బో' పాట కూడా ఆయన తీసిందే. ఫ్లెమింగ్ 1949లో పోయేదాకా ఆ మాట బయటికి చెప్పుకోలేదు, పెద్దమనిషి.

ప్రశ్న: ఆ 'ఓవర్ ద రెయిన్‌బో' పాటనే తీసేద్దామనుకున్నారట?

జవాబు: అవునండీ, రిలీజుకి ముందు కొందరికి వేసి చూపించాక, సినిమా సాగుతోంది, ఎంజీఎం హీరోయిన్ పశువుల దొడ్లో పాడటమేంటి అని పెద్దలు అన్నారు. లెరాయ్, ఆయన సహాయ నిర్మాత ఆర్థర్ ఫ్రీడ్ గట్టిగా నిలబడబట్టి ఉంది. హెరల్డ్ ఆర్లెన్ ట్యూను, హార్బర్గ్ మాటలు, ఆ ఏడాది ఆస్కార్ దానికే వచ్చింది. కత్తిరింపుకి పోయింది 'జిట్టర్‌బగ్' అనే డాన్సు పాట, ఐదు వారాలు తీసి 80,000 డాలర్లు పెట్టింది, మొత్తం పోయింది. ఆర్లెన్ ఇంటి కెమెరాతో తీసుకున్న కొంచెం ముక్క మాత్రం మిగిలింది.

జూడీకి అప్పటికి పదహారేళ్లు. చిన్నపిల్లలా కనబడాలని ఛాతీ బిగించి కట్టేవారు. ఆ పిల్ల గొంతులో ఉన్న దిగులు నటన అనుకునేవాణ్ణి ఒకప్పుడు.

ప్రశ్న: సినిమా అప్పట్లో ఫ్లాపా? ఆ బూట్లు ఇప్పుడెక్కడున్నాయి?

జవాబు: ఖర్చు దాదాపు 27 లక్షల 77 వేల డాలర్లు, మొదటి రిలీజులో వచ్చింది 30 లక్షల చిల్లర, ప్రింట్లూ పబ్లిసిటీ ఖర్చులు తీసేస్తే నష్టమే. 1949లో మళ్లీ వేశాక లాభం మొహం చూసింది, 1956 నవంబరు 3న టీవీలో వచ్చాక ఇంటింటికీ చేరింది. బూట్లు ఒక్క జత కాదు, చాలా జతలు చేశారు. ఒకటి వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఇంకో జతని 2005లో మినెసోటాలోని జూడీ గార్లండ్ మ్యూజియంలో దొంగ ఎత్తుకెళ్లాడు, నిజం కెంపులనుకున్నాడట, గాజు ముక్కలని తెలిశాక వదిలించుకున్నాడు! 2018లో ఎఫ్‌బీఐ పట్టుకుంది, 2024 డిసెంబరు వేలంలో అన్నీ కలిపి 3 కోట్ల 25 లక్షల డాలర్లు పలికాయి. కెంపులైతే అంత వచ్చేదో లేదో.

ప్రశ్న: పాపం ఆ బడ్డీ ఎబ్సెన్ చేసిన పనంతా వృథాయేనా సార్?

జవాబు: ఆయన మీద తీసిన సీన్లు ఒక్కటీ సినిమాలో లేవు. కానీ పాటలు షూటింగుకి ముందే రికార్డు చేశారు కదా, అందరూ కలిసి పాడిన పాటల్ని మళ్లీ హేలీతో రికార్డు చెయ్యలేదు. హేలీది బాస్టన్ యాస, 'విజార్డ్' అనే మాటలో 'ర' మింగేస్తాడు. ఈసారి సినిమా వేసుకున్నప్పుడు, చేతులు చేతులు పట్టుకుని మాంత్రికుణ్ణి చూడ్డానికి పోతున్నాం అని పాడుకుంటూ వెళ్తారే, అక్కడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. అందరి గొంతుల మధ్య ఒక గొంతు ఆ 'ర'ని గట్టిగా, స్పష్టంగా పలుకుతుంది. అది ఎబ్సెన్. ఆయన 2003 దాకా, 95 ఏళ్లు బతికాడు, బోల్జర్, హేలీ, లార్ ముగ్గురి కంటే ఎక్కువ.